గేరు మారదు, ఇంజను అరుస్తుంది

*పాత ఆటోమేటిక్ కార్లు ఎందుకు మొరాయిస్తాయి? గేర్‌బాక్స్ దించే ముందు చూసుకోవలసినవి ఏమిటి?*

అప్పా జంక్షన్ దాటి చేవెళ్ళ వైపు వెళ్ళే కారుకు అజీజ్‌నగర్, మొయినాబాద్ మధ్య ఎక్కడో ఒకచోట కూరగాయల బండో కంకర టిప్పరో అడ్డు తగలక మానదు. రోడ్డు విస్తరణ పూర్తిగా అందని చోట్ల ఇప్పటికీ రెండు వరసలే, ఇరుపక్కలా మర్రిచెట్లు. ఎదురుగా ఖాళీ కనపడగానే డ్రైవర్ ఎక్సలేటర్ తొక్కుతాడు. ఆరోగ్యంగా ఉన్న ఆటోమేటిక్ కారైతే ఒక గేరు దిగి, చటుక్కున ముందుకు దూకుతుంది. పన్నెండు పదిహేనేళ్ళ కారు కొన్నిసార్లు ఇంకోలా చేస్తుంది. ఆర్‌పీఎం ముల్లు నాలుగు వేలు దాటుతుంది, ఇంజను అరుస్తుంది, బండి మాత్రం లాగదు. ఒకటి రెండు సెకన్లయ్యాక ఒక్క కుదుపు కుదిపి అప్పుడు వేగం అందుకుంటుంది. ఆ రెండు సెకన్లలో ఎదుటి లారీ ఎంత దగ్గరికొస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

తీరా చేవెళ్ళలో బండి ఆపి మెకానిక్‌కు చూపిస్తే ఏ తేడా ఉండదు. మర్నాడు పొద్దున మళ్ళీ మామూలే. లివర్ డీలో వేసినా మూడు సెకన్ల దాకా కదలదు, నాలుగు కిలోమీటర్లు నడిచాక అంతా సర్దుకుంటుంది. ఇలాంటి కారుకు తరచుగా వినిపించే తీర్పు ఒకటే: "బాక్స్ పోయింది సార్, దించాలి."

నిజంగా దించవలసిన కార్లు ఉన్నాయి. కాని ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో పళ్ళ చక్రాలు అరిగి మూలనపడేవి తక్కువ. ఎక్కువగా చెడేది లోపలి ఆయిల్ ఒత్తిడి. అది ఎక్కడ పడిపోతోందో బండి తన తీరుతోనే చెబుతుంది. చల్లగా ఉన్నప్పుడు మొరాయిస్తోందా, వేడెక్కాకా? ఏ గేరు నుంచి ఏ గేరుకు వెళ్ళేటప్పుడు? అప్పుడు ఆర్‌పీఎం పెరిగిందా, పడిందా? ఈ మూడింటికి జవాబు ఉంటే ఒక్క బోల్టు విప్పకుండానే జబ్బు సగం తెలిసినట్టే.

ట్రాలీ లేపే ఒత్తిడే గేరూ మారుస్తుంది

ట్రాక్టర్ ట్రాలీలో ఇసుక దించడం ఈ ఊళ్ళలో అందరూ చూసినదే. ట్రాక్టర్ పంపు ఆయిల్‌ను ఒత్తిడితో సిలిండర్‌లోకి తోస్తే, అందులోని పిస్టన్ బయటికొచ్చి ట్రాలీని లేపుతుంది. ఆయిల్ తక్కువైతే ట్రాలీ ఆగి ఆగి, కుదుపులతో లేస్తుంది. సీలు అరిగితే లేచిన ట్రాలీ మెల్లగా కిందికి జారుతుంది. ఇది తెలిసిన రైతుకు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ సగం తెలిసినట్టే. అక్కడ ట్రాలీని లేపే పిస్టన్, ఇక్కడ క్లచ్ పలకలను బిగిస్తుంది.

ఇంజనుకూ గేర్‌బాక్స్‌కూ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఆయిల్ నిండిన గుండ్రటి మూత డబ్బా అది. ఇంజను వైపు రెక్కలు తిరుగుతూ ఆయిల్‌ను గేర్‌బాక్స్ వైపు రెక్కల మీదికి విసురుతాయి. ఆ తాకిడికి అవి తిరుగుతాయి. రెండింటికీ మధ్య ఉన్నది ఆయిలే కాబట్టి, డీలో ఉంచి బ్రేకు తొక్కి నిలబడినా ఇంజను ఆగిపోదు. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో ఈ సూత్రానికి పేటెంటు తీసుకున్నది కార్ల కోసం కాదు, ఓడల కోసం. ఆయిల్ ద్వారా శక్తిని అందిస్తూ గేర్లు తమంతట తామే మారే పెట్టె, పెద్ద సంఖ్యలో తయారై కార్లలోకి వచ్చింది 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌తో. దాని పేరు హైడ్రామాటిక్. మొయినాబాద్ చుట్టుపక్కల పునాదులు తవ్వే జేసీబీల్లో కూడా టార్క్ కన్వర్టరే ఉంటుంది.

కన్వర్టర్ వెనక పళ్ళ చక్రాల గుంపులు. నడుమ ఒక సూర్యచక్రం, దాని చుట్టూ తిరిగే గ్రహచక్రాలు, వాటన్నిటినీ చుట్టి లోపలివైపు పళ్ళున్న వలయం. మాన్యువల్ కారులో మనం లివర్ తోసి ఒక గేరు విడిపించి ఇంకోటి పట్టిస్తాం. ఇక్కడ పళ్ళు ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి. గుంపులో ఏ చక్రాన్ని కదలకుండా పట్టుకున్నాం, దేన్ని దేనితో కలిపాం అన్న దాన్నిబట్టి వేగం నిష్పత్తి మారుతుంది. పాత హోండా ఆటోమేటిక్‌లలో గ్రహచక్రాలకు బదులు మాన్యువల్‌లో మాదిరి సమాంతర షాఫ్టులుంటాయి గాని, వాటినీ ఆయిల్ క్లచ్‌లే పట్టుకుంటాయి.

పట్టుకునే పని క్లచ్ కట్టలది. ఒక ఉక్కు పలక, ఒక రాపిడి పలక, మళ్ళీ ఉక్కు, మళ్ళీ రాపిడి. అన్నీ ఆయిల్‌లో నానుతూ ఉంటాయి. పిస్టన్ వెనక ఒత్తిడి పెరిగితే కట్ట బిగుస్తుంది, తగ్గితే వదులవుతుంది. ఏ కట్టకు ఎప్పుడు, ఎంత ఒత్తిడి పంపాలో చూసేది వాల్వ్ బాడీ. సందుల సందుల అల్యూమినియం దిమ్మ అది. అందులో సన్నటి వాల్వులు ముందుకూ వెనక్కూ జరుగుతూ దారులు తెరుస్తాయి, మూస్తాయి. కంప్యూటర్ ఆజ్ఞ ప్రకారం ఆ వాల్వులను నడిపేవి సోలినాయిడ్లు.

రెండో గేరు నుంచి మూడుకు వెళ్ళాలంటే ఒక కట్ట వదలాలి, ఇంకో కట్ట పట్టాలి. ఈ రెండూ సెకనులో కొంత భాగంలో, ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా జరిగిపోవాలి. మొదటిది వదిలేసి రెండోది ఆలస్యంగా పట్టిందా, నడుమ ఇంజను ఉత్తినే అరుస్తుంది. మొదటిది వదలకముందే రెండోది పట్టిందా, బండి కుదిపేస్తుంది. చేవెళ్ళ రోడ్డు మీద డ్రైవర్‌ను కంగారుపెట్టిన ఆ రెండు సెకన్లు ఈ వదలడానికీ పట్టడానికీ మధ్య పుట్టినవే.

బాక్స్: మీ కారులో ఉన్నది ఏ ఆటోమేటిక్?

క్లచ్ పెడల్ లేని కార్లన్నీ ఒకటి కావు. ఈ వ్యాసంలో చెప్పేది టార్క్ కన్వర్టర్ ఉన్న పాత పద్ధతి గేర్‌బాక్స్ గురించి. నాలుగు గేర్ల ఐ10, స్విఫ్ట్ డిజైర్, ఎర్టిగా ఆటోమేటిక్‌లు ఈ కోవలోవి. 2014లో సెలెరియోతో మన దేశంలోకి వచ్చిన ఏఎంటీ వేరు. అది మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పని, గేరు వేసే పని యంత్రం చేస్తుంది. గేరు మారేటప్పుడు కొంచెం ఊగడం దాని సహజ లక్షణం. సీవీటీలో మెట్లుమెట్లుగా గేర్లే ఉండవు, రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు నడుస్తుంది. ఒకే పేరుతో వచ్చే కార్లలోనూ ఇది మారిపోతుంది. 2008లో వచ్చిన తరం హోండా సిటీలో అయిదు గేర్ల టార్క్ కన్వర్టర్, 2014లో వచ్చిన తరంలో సీవీటీ. ఆయిల్ కొనే ముందు ఈ సంగతి తేల్చుకోవాలి. ఒకదాని ఆయిల్ ఇంకోదానికి పనికిరాదు.

పొద్దున ఒక తీరు, మధ్యాహ్నం ఇంకో తీరు

కారు రాత్రంతా నిలబడి ఉంటే పై దారుల్లోని ఆయిల్ కిందికి దిగిపోతుంది. పొద్దున ఇంజను తిరగగానే పంపు ఆ దారులను మళ్ళీ నింపి ఒత్తిడి తేవాలి. పిస్టన్ల చుట్టూ ఉండే రబ్బరు సీళ్ళు మెత్తగా ఉన్నంతకాలం ఇది క్షణాల్లో అయిపోతుంది. ఏళ్ళ తరబడి వేడి తిన్న రబ్బరు బిరుసెక్కుతుంది, చలికి ముడుచుకుంటుంది. పిస్టన్ పక్కనుంచి ఆయిల్ జారిపోయి, కట్ట బిగియడానికి ఆలస్యమవుతుంది. కాస్త వేడెక్కగానే రబ్బరు ఉబ్బి సందు మూసుకుంటుంది, జబ్బు మాయమైనట్టుంటుంది. మెకానిక్ దగ్గరికి వెళ్ళేసరికి బండి బుద్ధిగా ఉండటానికి ఒక కారణం ఇదే.

దీన్ని కొలవచ్చు. హ్యాండ్ బ్రేకు వేసి, బ్రేకు తొక్కి ఉంచి, ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా ఎన్ నుంచి డీకి మార్చి, బండి సన్నగా పట్టుకున్నట్టు తెలిసేదాకా ఎంతసేపు పట్టిందో చూడాలి. టొయోటా సర్వీస్ పుస్తకాలు వేడెక్కిన బండికి ఎన్ నుంచి డీకి 1.2 సెకన్లు, ఎన్ నుంచి ఆర్‌కు 1.5 సెకన్లు దాటకూడదంటాయి. ఫోన్‌లో వీడియో తీస్తే ఈ తేడా స్పష్టంగా దొరుకుతుంది. పొద్దున తీసిన వీడియో మెకానిక్‌కు చూపిస్తే, చూడ్డానికి బండి బాగానే ఉందనే మాట రాదు.

వేడెక్కాక మొదలయ్యే జబ్బుకు కారణం వేరు. చిలుకూరు బాలాజీ గుడి దారిలో సెలవురోజు రద్దీలో ఇంచుల లెక్కన కదిలినా, వికారాబాద్ దాటి అనంతగిరి కొండ ఎక్కినా కన్వర్టర్‌లో ఆయిల్ బాగా చిలకబడి కాగుతుంది. కాగిన ఆయిల్ పల్చబడుతుంది. అరిగిన వాల్వుల పక్కనుంచి, అరిగిన పంపులోంచి తేలిగ్గా కారిపోతుంది. ఒత్తిడి తగ్గి పలకలు జారతాయి. జారితే ఇంకా వేడి, వేడికి ఇంకా పల్చదనం. ఈ వలయం మొదలైతే జబ్బు కొన్ని వారాల్లోనే ముదురుతుంది. అందుకే అనుభవమున్న మెకానిక్‌లు చల్లగా ఉన్నప్పుడు మొరాయిస్తే ముందు రబ్బరును, వేడిలో మొరాయిస్తే ముందు అరుగుదలను అనుమానిస్తారు.

నాలుగు లక్షణాలు, నాలుగు దారులు

ఆర్‌పీఎం పెరిగి బండి లాగకపోతే పట్టవలసిన కట్ట జారుతోందన్నమాట. అన్ని గేర్లలోనూ జారితే అనుమానం ఆయిల్ మట్టం మీద, ఫిల్టర్ మీద, పంపు మీద. అవి అందరికీ ఉమ్మడి. ఒక్క రెండు నుంచి మూడుకు వెళ్ళేటప్పుడే జారితే ఆ కట్టో, దాని సోలినాయిడో, దాని వాల్వో. 1990ల నాటి కొన్ని కార్లలో ఎక్సలేటర్‌తో పాటు గేర్‌బాక్స్‌కు వెళ్ళే కేబుల్ కూడా ఉంటుంది. అది వదులైతే ఒత్తిడి తగ్గి ఇదే లక్షణం కనపడుతుంది. దానికి మందు కేబుల్ సర్దడమే.

కుదుపు వేరే కథ. గేరు పడేటప్పుడు గుద్దినట్టుంటే ఒత్తిడి ఎక్కువైందనో, దాన్ని మెత్తబరిచే స్ప్రింగు పిస్టన్ బిగుసుకుపోయిందనో అర్థం. కాని అంతకంటే ముందు ఇంజను మౌంటింగులు చూడాలి. వాటి రబ్బరు చిరిగితే, గేరు సాఫీగా పడినా ఇంజనే కదిలి ఛాసిస్‌ను కొడుతుంది.

బండి మూడో గేరులోనే ఇరుక్కుపోయి, సిగ్నల్ దగ్గర ఎద్దుబండిలా కదిలితే కంప్యూటర్ రక్షణ పద్ధతిలోకి వెళ్ళిందని అనుమానించాలి. ఏదో సెన్సారో సోలినాయిడో తప్పుడు సంకేతం ఇచ్చినప్పుడు కంప్యూటర్ సోలినాయిడ్లకు కరెంటు ఆపేసి, ఒకే గేరుతో ఇంటికి చేరమంటుంది. చాలా పెట్టెల్లో అది మూడో గేరు. ఇంజను ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే తాత్కాలికంగా మామూలైపోవచ్చు. జబ్బు మెకానిక్‌కు కనపడకపోవడానికి ఇది రెండో కారణం. తప్పు తాలూకు కోడ్ మాత్రం లోపల నిలిచి ఉంటుంది.

అరవై డెబ్బై వేగంలో ఎక్సలేటర్ తేలిగ్గా తొక్కి ఉంచినప్పుడు, గతుకుల మీద వెళ్తున్నట్టు సన్నటి వణుకు వస్తే అనుమానం కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్ మీద. స్థిరమైన వేగంలో ఇంజనునూ గేర్‌బాక్స్‌నూ నేరుగా కలిపి డీజిల్, పెట్రోల్ ఆదా చేసే క్లచ్ అది. బ్రేకు పెడల్ సన్నగా తాకితే అది విడిపోతుంది, ఆర్‌పీఎం కొద్దిగా లేస్తుంది. అదే క్షణంలో వణుకు ఆగితే అనుమానం నిజమే. ఆగకపోతే టైర్లు, ప్లగ్గులు చూడాలి. ఈ పరీక్ష వెనక బండి లేనప్పుడు, ఖాళీ రోడ్డు మీదే చేయాలి.

డిప్‌స్టిక్ చివర ఒక చుక్క

పరీక్షల్లో ఖర్చు లేనిది, అందరూ వదిలేసేది ఆయిల్ చూడటం. ఎక్కువ కార్లలో బండి పది పదిహేను కిలోమీటర్లు నడిచాక, చదునైన చోట, పీలో ఉంచి, ఇంజను నడుస్తుండగానే డిప్‌స్టిక్ తీయాలి. హోండా కార్లలో మాత్రం వేడెక్కిన ఇంజను ఆపిన నిమిషం, నిమిషంన్నరలోపు చూడమంటారు. డిప్‌స్టిక్ లేని పెట్టెలకు కారును లిఫ్టు మీదికి ఎక్కించి కింది మర దగ్గర చూడాలి.

ఆ చుక్కను తెల్లకాగితం మీద వేయండి. ఎక్కువ రకాల ఆయిల్ కొత్తలో ఎర్రగా, పారదర్శకంగా ఉంటుంది. వాడిన కొద్దీ గోధుమ రంగుకు తిరగడం మామూలే. నల్లబడి, మాడిన వాసన కొడుతుంటే పలకలు కాలాయి. పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంటే రేడియేటర్‌లోని ఆయిల్ కూలర్ చిల్లుపడి నీళ్ళు కలిశాయి. రాపిడి పలకల మీది పొరలో ఉండేది కాగితం లాంటి పీచు పదార్థం. నీళ్ళు తగిలితే అది ఊడిపోతుంది. ఇలాంటి బండిని ఇంకో కిలోమీటరు కూడా నడపకూడదు. నురగ కనిపిస్తే ఆయిల్ ఎక్కువ పోశారని. తక్కువైనా ఎక్కువైనా గాలి కలిసి ఒత్తిడి పడిపోతుంది.

కింది చాంబర్ విప్పితే అందులో అయస్కాంతాలుంటాయి. వాటి మీద వేలితో రాస్తే మెత్తగా అంటే బూడిదరంగు పేస్టు మామూలు అరుగుదల. గోటికి తగిలే లోహపు ముక్కలుంటే ఇక పెట్టె దించక తప్పదు.

బాక్స్: ఆయిల్ మారిస్తే బాక్స్ పోతుందా?

"ఇన్నేళ్ళు మార్చలేదు, ఇప్పుడు మారిస్తే బండి కదలదు" అన్న మాట వర్క్‌షాపుల్లో బాగా వినపడుతుంది. పూర్తిగా అబద్ధం కాదు. పలకలు అప్పటికే అరిగి, జారడం మొదలయ్యాకే చాలామంది ఆయిల్ మారుస్తారు. చావుకు దగ్గరైన పెట్టె ఆ తర్వాత ఆగిపోతే నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. యంత్రంతో ఒత్తిడి పెట్టి కడిగితే అడుగున పేరుకున్న మడ్డి కదిలి వాల్వుల్లో ఇరుక్కునే ప్రమాదం మాత్రం నిజమే. నింపాది పద్ధతి మేలు. మర విప్పి కారినంత వదిలి, అంతే కొలిచి పోయాలి. కన్వర్టర్‌లో ఉన్నది కిందికి రాదు కనుక ఒకసారికి మారేది మూడో వంతు నుంచి సగం దాకానే. కొన్ని వందల కిలోమీటర్లు నడిపి మళ్ళీ ఇలాగే చేస్తే చాలావరకు కొత్తదవుతుంది. కంపెనీ చెప్పిన రకమే వాడాలి.

దించే ముందు ఈ వరుస

ఆయిల్ తర్వాత చూడవలసింది కరెంటు. సోలినాయిడ్లు బ్యాటరీ మీద బతుకుతాయి. బ్యాటరీ నీరసించినా, ఎర్త్ వైరు తుప్పుపట్టినా గేర్లు పిచ్చిగా మారతాయి. మొయినాబాద్ వైపు దీనికి స్థానిక కారణం కూడా ఉంది. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో వల్ల ఈ ప్రాంతంలో పెద్ద కట్టడాలకు అడ్డుకట్ట పడి, తోటలూ ఫామ్‌హౌస్‌లూ పెరిగాయి. వాటిలో వారానికోసారి కదిలే కార్లు చాలా. నిలిచిన కారులో బ్యాటరీ దిగిపోతుంది, సీళ్ళు ఎండుతాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. గేర్‌బాక్స్‌కు వెళ్ళే ఒక్క వైరు తెగినా బండి మూడో గేరులో ఇరుక్కోవచ్చు.

మూడోది స్కానర్. పీ0700 అని వస్తే గేర్‌బాక్స్ కంప్యూటర్ ఏదో ఫిర్యాదు దాచుకుందని, ఇంకా లోపలికి చదవమని. పీ0741 లాకప్ క్లచ్ గురించి, పీ0750 మొదటి సోలినాయిడ్ గురించి, పీ0730 గేరు నిష్పత్తి కుదరడం లేదని. కోడ్ చెప్పేది ఏ సర్క్యూట్‌లో తేడా ఉందో మాత్రమే. ఆ సోలినాయిడే చెడిందా, దాని వైరా అన్నది మీటరుతో ఓమ్‌లు కొలిచి తేల్చుకోవాలి. స్కానర్ మాట వినని పాత హోండాల్లో కనెక్టర్ కలిపితే డాష్‌బోర్డు మీది డీ4 లైటు మిణుకుతుంది. ఆ మిణుకులు లెక్కపెట్టి కోడ్ చదువుకోవాలి.

నాలుగోది గేర్‌బాక్స్ బయట ఉన్నవి. థర్మోస్టాట్ తెరిచి ఉండిపోతే ఇంజను వేడెక్కదు. ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పై గేరు ఇవ్వదు, లాకప్ కలపదు. లివర్ పీ నుంచి కదలకపోతే వెనక బ్రేకు లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడండి. కొన్ని వందల రూపాయల స్విచ్ అయి ఉండవచ్చు.

ఇవన్నీ బాగున్నాయని తేలాకే చాంబర్ విప్పి సోలినాయిడ్లు, వాల్వ్ బాడీ. చాలా కార్లలో ఈ పని గేర్‌బాక్స్ కారులో ఉండగానే అవుతుంది. దానికీ లొంగకపోతే, ఆయిల్ మాడి, అయస్కాంతం మీద ముక్కలు కనపడితే, అప్పుడు దించాలి. దించితే సీళ్ళు, రాపిడి పలకలు, ఫిల్టర్ అన్నీ మార్చి, కన్వర్టర్ సంగతి కూడా చూడాలి. ఒక్క కట్ట మార్చి మూసేస్తే అదే పని మళ్ళీ చేయవలసి వస్తుంది.

బాక్స్: తాడు కట్టి లాగొద్దు

పొలం దారిలో కారు ఆగితే ట్రాక్టర్‌కు తాడు కట్టి లాగించడం మనకు అలవాటు. ఆటోమేటిక్ కారుకు అది హాని. గేర్‌బాక్స్ పంపును తిప్పేది ఇంజను. ఇంజను ఆగి చక్రాలు తిరిగితే లోపలి బేరింగులకు, పలకలకు ఆయిల్ అందదు. కారు ముందు చక్రాలతో నడిచేదైతే అవి నేల తాకకుండా లేపి తీసుకెళ్ళాలి, లేదా మొత్తం బండిని వేరే బండి మీదికి ఎక్కించాలి. బ్యాటరీ దిగిన ఆటోమేటిక్‌ను తోసి స్టార్ట్ చేయడం కూడా కుదరదు. కారణం అదే.

పాతది కొనేవాళ్ళకు

ఇదంతా తెలిసి ఉంటే పాత ఆటోమేటిక్ కొనడం భయపడవలసిన పనేమీ కాదు. చూడటానికి పొద్దున్నే వెళ్ళండి. మీరు వచ్చేసరికి ఇంజను వేడిగా ఉంటే ఎందుకో అడగండి, చల్లారిన బండి చూస్తానని ఇంకోరోజు వెళ్ళండి. ఎన్ నుంచి డీకి, ఆర్‌కు సెకన్లు లెక్కపెట్టండి. తర్వాత అరగంటకు తక్కువ కాకుండా నడపండి: రద్దీలో కొంత, సాఫీ రోడ్డు మీద అరవైలో కొంత, ఎక్కుడులో కొంత. అప్పా జంక్షన్ నుంచి చేవెళ్ళ దాకా ఈ మూడూ దొరుకుతాయి. ఆగాక డిప్‌స్టిక్ తీసి కాగితం మీద చుక్క వేసి చూడండి. కారు ఇప్పటికే మీదైతే, జబ్బు కనపడిన రోజే వేడి, గేరు, ఆర్‌పీఎం రాసిపెట్టుకోండి. ఆ చీటీ చదవకుండానే బాక్స్ దించుతానన్న మెకానిక్‌కు తాళాలు ఇవ్వకండి.